కొండ మీది చెవి

వైర్‌లెస్ సెట్టు గురించి మాట వచ్చినప్పుడు మొదట వినిపించే ప్రశ్న, అది ఎన్ని వాట్లది అని. వాట్లు పెరిగితే మాట దూరం పోతుందని చాలామంది నమ్మకం. సెట్లు అమ్మేవాళ్లు కూడా డబ్బా మీద ఆ అంకెనే పెద్దగా వేస్తారు. వాహనాల్లో రేడియో పెట్టుకోవడం మొదలై వందేళ్లు దాటింది. ఆ చరిత్రను వరుసగా చూసుకుంటూ వస్తే ఈ నమ్మకం నిలబడదు. రేంజ్ పెరిగిన ప్రతిచోటా అసలు పని వినే వైపు జరిగింది. స్టేషన్లోని పెద్ద సెట్టు పలికింది బండికి వినిపించడం అంత కష్టమేమీ కాలేదు. బండిలోని చిన్న సెట్టు పలికింది స్టేషన్‌కి ఎలా వినిపించాలన్నదే ఇంజనీర్లను దశాబ్దాల తరబడి వేధించింది. బండి పైకప్పు మీది యాంటెనా, విన్న మాటను కొండ మీద నుంచి తిరిగి పలికే రిపీటర్, రెండూ ఆ ప్రశ్నకు వెతుక్కున్న జవాబులే.

ఆస్ట్రేలియాలో విక్టోరియా పోలీసులు 1923లోనే లాన్సియా కారులో వైర్‌లెస్ అమర్చి మోర్స్ సంకేతాలతో గస్తీ నడిపారు. అయితే అందుకు టెలిగ్రాఫీ నేర్చిన మనిషి కారులో కూర్చోవాలి. మామూలు పోలీసు మామూలు మాటలు వినే పద్ధతి అమెరికాలోని డెట్రాయిట్‌లో కుదురుకుంది. అక్కడి కమిషనర్ విలియం రట్లెడ్జ్ 1921లో మొదలుపెట్టించిన ప్రయోగాలు ఏడేళ్లు సాగాయి. తొలి స్టేషన్ కెఒపికి దొరికిన లైసెన్సు వినోద ప్రసారాలకు ఇచ్చేది కావడంతో, నేర సమాచారం మధ్య సంగీతం కూడా వినిపించాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది కాగితాలది, కాగితాలతోనే తీరింది. తీరనిది కార్లలోని రిసీవర్ బాధ. గతుకుల్లో ట్యూనింగ్ జారిపోయేది, ఇంజిన్ స్పార్కుల చిటపటలో మాట మునిగిపోయేది. కెన్నెత్ కాక్స్ అనే పోలీసు, రాబర్ట్ బాట్స్ అనే యువకుడు కలిసి కుదుపులకు తట్టుకునే రిసీవర్‌ను తయారుచేశాకే, 1928 ఏప్రిల్ 7న బెల్ ఐల్ నుంచి రోజువారీ సేవ మొదలైంది. ట్రాన్స్‌మిటర్ ఎప్పటినుంచో సిద్ధంగానే ఉంది. ఏడేళ్లు పట్టింది దాన్ని వినడానికి.

డెట్రాయిట్ పద్ధతి ఒంటిదారి. స్టేషన్ చెబుతుంది, కారు వింటుంది. కబురు అందిందో లేదో చెప్పాలంటే పోలీసు కారు దిగి దగ్గర్లోని టెలిఫోన్ పెట్టె వెతుక్కోవాలి. కార్లలో ట్రాన్స్‌మిటర్ పెట్టకపోవడానికి కారణం ఖర్చు ఒక్కటే అనుకుంటే పొరపాటు. అప్పట్లో పోలీసులకు కేటాయించిన ఫ్రీక్వెన్సీలు రేడియో ప్రసారాల మీడియం వేవ్ బ్యాండుకు కాస్త పైన, సుమారు 2 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండేవి. ఆ తరంగం పొడవు 150 మీటర్లు. అందులో నాలుగో వంతు యాంటెనా పెట్టాలన్నా 37 మీటర్ల కడ్డీ కావాలి. కారు మీద అది సాధ్యం కాదు. దానికన్నా బాగా పొట్టి యాంటెనాతో వినడం ఎలాగో జరుగుతుంది. కానీ అదే పొట్టి యాంటెనాతో పలికితే సెట్టు ఇచ్చిన శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారిపోతుంది. అంటే బండికి గొంతు లేకపోవడానికి మూలం యాంటెనా కొలతలో ఉంది.

ఆ కొలత చిన్నదైన రోజే బండికి గొంతు వచ్చింది. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయాన్ పట్టణంలో ఫ్రాంక్ గంథర్ అనే ఇంజనీరు, విన్సెంట్ డోయల్ అనే స్టేషన్ ఆపరేటర్ కలిసి గస్తీ కార్లలో ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. కార్లు స్టేషన్‌తోనూ, ఒకదానితో ఒకటీ మాట్లాడుకోగలిగాయి. వాళ్లు వాడింది 30 మెగాహెర్ట్జ్‌కు పైబడిన, అప్పటికి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఫ్రీక్వెన్సీలు. అక్కడ పావు తరంగం రెండు, రెండున్నర మీటర్లకు మించదు. కారు మోయగలిగిన కొలత అది. అయితే ఈ లాభం వెంట ఒక నష్టం కూడా వచ్చింది. కింది ఫ్రీక్వెన్సీల తరంగాలు భూమిని అంటిపెట్టుకుని దూరం పోతాయి. పై ఫ్రీక్వెన్సీలవి దాదాపు చూపు సాగినంత మేరే పోయి, ఆ తర్వాత వేగంగా నీరసిస్తాయి. బేయాన్ చిన్న ఊరు కాబట్టి అది అడ్డు కాలేదు. జిల్లాలకు, రాష్ట్రాలకు ఇదే పద్ధతి కావాలనుకున్నప్పుడు ఎత్తు అనే సమస్య ముందుకొచ్చింది.

అంతకుముందు కారు పైకప్పు కథ ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే రేడియో చరిత్ర రాసేవాళ్లు దాన్ని తరచూ దాటేస్తారు. 1930ల తొలినాళ్ల దాకా చాలా కార్ల కప్పు పూర్తి ఇనుముతో ఉండేది కాదు. చెక్క చట్రం మీద గుడ్డ బిగించి, దాని కింద కోళ్ల గూటికి వాడే తీగజాలి పరిచేవారు. ఆ జాలికే ఒక తీగ కలిపితే అదే యాంటెనా. జనరల్ మోటార్స్ 1935 మోడళ్లతో ఒకే ఉక్కు రేకుతో ఒత్తిన పైకప్పు తెచ్చాక ఆ సదుపాయం పోయింది. రేడియోవాళ్లు యాంటెనాను కాలు మోపే పలక కిందికి మార్చి చూశారు గాని, నేలకు అంత దగ్గరగా ఉన్నది ఏం వింటుంది? చివరికి నిలువు కడ్డీ వచ్చింది. అప్పుడు తేలిందేమిటంటే, అడ్డమనుకున్న ఉక్కు కప్పే ఆ కడ్డీకి కావలసిన సగం. పావు తరంగం కడ్డీ ఒంటరిగా పనిచేయదు, దాని కింద పరుచుకున్న లోహపు రేకు మిగతా సగంలా నిలబడాలి. కప్పు నడిమధ్యన పెడితే నాలుగు వైపులా ఒకేలా పలుకుతుంది, వింటుంది. వెనక బంపర్ మూలన పెడితే కారు శరీరం ఎటు ఎక్కువగా పరుచుకుని ఉందో అటు, అంటే ఎదురు మూల వైపు, బలంగా పోతుంది, మిగతా వైపుల తగ్గుతుంది. అయినా ఆ రోజుల్లో రెండు మీటర్ల కడ్డీని కప్పు మీద పెడితే చెట్టుకొమ్మలకూ గ్యారేజీ గుమ్మాలకూ తగిలేది కనుక, అడుగున స్ప్రింగు పెట్టి బంపర్ మీదే బిగించారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 150 మెగాహెర్ట్జ్ సెట్లు వచ్చి కడ్డీ అర మీటరుకు తగ్గాకే అది కప్పు మధ్యకు ఎక్కింది. కప్పుకు ముప్పావు అంగుళం రంధ్రం వేసి బిగించే పద్ధతి తర్వాత వృత్తిలో స్థిరపడింది. కొత్త బండికి రంధ్రమా అని వెనకాడేవాళ్లు అయస్కాంతపు దిమ్మ వాడతారు. అదీ పనిచేస్తుంది, కానీ కప్పుతో లోహపు అతుకు ఉండదు.

ఎత్తు ఎందుకంత ముఖ్యమో లెక్కలోనే తెలుస్తుంది. మీటర్లలో యాంటెనా ఎత్తుకు వర్గమూలం కట్టి, దాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున్న కారు యాంటెనాకు అది ఆరు కిలోమీటర్లలోపే. రెండు కార్లు చదునైన మైదానంలో మాట్లాడుకుంటే రెండింటి దిగంతాలూ కలిపి పన్నెండు కిలోమీటర్లలోపు. చిత్తూరు వైపువాళ్లకు తెలిసిన హార్స్‌లీ హిల్స్‌ను తీసుకుంటే, శిఖరం సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్లు, కింద మదనపల్లె సుమారు 700. ఆ తేడాకు కట్టిన దిగంతం వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. మధ్యలో వేరే కొండలు అడ్డొస్తే ఇది తగ్గుతుంది నిజమే. కానీ ఏ వాట్లూ ఆరును వంద చేయలేవు. చేలో మంచె ఎక్కిన కాపలాదారుకు చూపు సాగినట్టు, నేల మీద నిలబడి ఎంత గొంతు చించుకున్నా సాగదు. నేల దగ్గర నడిచే తరంగం విషయంలో ఇంకో కఠినమైన నియమం ఉంది. అందే శక్తి దూరానికి వర్గంగా కాదు, చతుర్ఘాతంగా పడిపోతుంది. అంటే రేంజ్ రెట్టింపు కావాలంటే శక్తి పదహారు రెట్లు కావాలి. అదే యాంటెనా ఎత్తు రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లు చేసినంత ఫలం. 1957లో జాన్ ఎగ్లీ ఎగుడుదిగుడు నేలల మీది కొలతలను క్రోడీకరించినప్పుడూ, 1968లో యోషిహిసా ఒకుమురా టోక్యో పరిసరాల్లో కొలతల బండి తిప్పి గీతలు గీసినప్పుడూ ఎత్తుకు పెద్దపీటే దక్కింది.

రాష్ట్రమంతటికీ రెండు వైపులా మాట్లాడే పద్ధతి ఎలా ఉంటుందో మొదట చూపింది కనెక్టికట్ రాష్ట్ర పోలీసు శాఖ. అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డేనియల్ నోబుల్ 1940లో దాన్ని రూపొందించాడు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతిని కార్లలోకి తెచ్చి, బేస్ స్టేషన్ల యాంటెనాలను ఎత్తైన చోట్ల నిలబెట్టాడు. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం రావచ్చు. కనెక్టికట్ గెలుపు ఎఫ్ఎంది కదా, ఎత్తుదని ఎలా అంటారు? ఎఫ్ఎం పాత్ర చిన్నదేమీ కాదు. ఏఎం రిసీవర్‌లో ఇంజిన్ స్పార్కు, మెరుపు, మోటారు అన్నీ మాటతో పాటే లోపలికొస్తాయి. ఎఫ్ఎం రిసీవర్ తరంగపు ఎత్తుపల్లాలను కోసేసి ఫ్రీక్వెన్సీలోని ఊగిసలాటను మాత్రమే చదువుతుంది కనుక ఆ రొద చాలావరకు బయటే ఆగిపోతుంది. కానీ ఆలోచిస్తే ఇదీ వినే వైపు జరిగిన మేలే. ట్రాన్స్‌మిటర్ గట్టిగా పలకలేదు, రిసీవర్ నిశ్శబ్దంగా వినడం నేర్చింది. ఎఫ్ఎం చెవిని శుభ్రం చేసింది, కొండ దాన్ని పైకి ఎత్తింది. ఆ తర్వాత నోబుల్ మోటరోలా రేడియోలు చేసే గాల్విన్ కంపెనీకి వెళ్లాడు. అక్కడ తయారైన ఎస్‌సీఆర్-300, సైనికుడు వీపున మోసిన ఎఫ్ఎం వాకీటాకీ, రెండో ప్రపంచయుద్ధంలో ఆ పద్ధతి పనితనం చూపింది.

టెలిఫోన్ కంపెనీ అనుభవం ఇదే సాక్ష్యాన్ని ఇంకోవైపు నుంచి చెబుతుంది. 1946 జూన్ 17న సెయింట్ లూయిస్‌లో కార్లకు టెలిఫోన్ సేవ మొదలైంది. ఊరంతటికీ పలకడానికి ఒక్క బలమైన ట్రాన్స్‌మిటర్ సరిపోయింది. వినడానికి మాత్రం ఊరి నానా చోట్లా రిసీవర్లు పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే కారులోని చిన్న సెట్టు పలుకు అంత దూరం రాదు. ఒక నోటికి అనేక చెవులు. తర్వాతి కాలంలో పోలీసు శాఖలు ఇదే సూత్రంతో ఊరి చుట్టూ రిసీవర్లు పెట్టి, వాటిలో దేనికి మాట స్పష్టంగా అందిందో క్షణంలో ఎంచుకునే యంత్రాన్ని కంట్రోల్ రూమ్‌లో బిగించుకున్నాయి. వాట్లే పరిష్కారమైతే ఈ ఖర్చంతా ఎవరు పెట్టుకుంటారు?

రిపీటర్ ఈ ఆలోచనకు సహజంగా కాసిన ఫలం. కొండ మీద చెవి పెట్టాక, ఆ చెవి విన్నదాన్ని అక్కడినుంచే వేరే ఫ్రీక్వెన్సీలో తిరిగి పలికిస్తే స్టేషన్‌తో పని లేకుండా కారుకూ కారుకూ మధ్య వారధి ఏర్పడుతుంది. ఔత్సాహికులు నడిపే హ్యామ్ రేడియో లోకంలో లాస్ ఏంజిలిస్‌కు చెందిన ఆర్ట్ జెంట్రీ 1950ల తొలినాళ్లలో నడిపిన రిపీటర్‌ను తొలివాటిలో ఒకటిగా చెప్పుకుంటారు. అది ఉన్నది హాలీవుడ్ అక్షరాలు నిలబడ్డ మౌంట్ లీ మీద. ఆ తర్వాత 1960లలో అమెరికా ప్రభుత్వం వృత్తి సెట్లను సన్న చానెళ్లకు మారమనడంతో టాక్సీలు, పోలీసులు వదిలేసిన పాత ఎఫ్ఎం సెట్లు చవగ్గా హ్యామ్‌ల చేతికొచ్చాయి, ఊరూరా కొండల మీద రిపీటర్లు మొలిచాయి.

ఆ పెట్టెలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడటం మంచిది, రేంజ్ అసలు ఎక్కడ పుడుతుందో అక్కడే కనిపిస్తుంది. ఒకే యాంటెనాతో రిపీటర్ ఏకకాలంలో వింటుంది, పలుకుతుంది. పలికేది 50 వాట్లతో. వినగలిగేది పావు మైక్రోవోల్టు. ఈ రెండింటి శక్తుల నిష్పత్తి కడితే సుమారు నాలుగు వందల కోట్ల కోట్ల రెట్లు. హ్యామ్‌ల రెండు మీటర్ల బ్యాండులో పలికే ఫ్రీక్వెన్సీకీ వినే ఫ్రీక్వెన్సీకీ మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. తన గొంతుకు తన చెవే గింగుర్లెత్తకుండా కాపాడేవి డూప్లెక్సర్ డబ్బాలు. అర మీటరుకు పైబడిన లోహపు గొట్టాలు, లోపల ఒక కడ్డీ, పైన తిప్పే మర. మర వెంట్రుకవాసి తిరిగినా ఆ డబ్బా ఒప్పుకునే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. ట్యూనింగ్ సరిగా లేని రిపీటర్ బలంగా వినిపిస్తూనే ఉంటుంది, దూరపు బండిని మాత్రం వినదు. వాడేవాళ్లు రిపీటర్ బాగానే ఉంది, తమ సెట్టే పాడైందనుకుంటారు. యాంటెనాకు పోయే కేబుల్ ఇంకో దొంగ. వేలి మందం లేని సన్న కేబుల్‌ను 30 మీటర్ల టవర్‌కు లాగితే 450 మెగాహెర్ట్జ్ దగ్గర పదింట తొమ్మిది వంతుల శక్తి దారిలోనే పోతుంది. పలికేటప్పుడు పోయినంతే వినేటప్పుడూ పోతుంది. పలుకులో పోయినదాన్ని వాట్లు పెంచి పూడ్చుకోవచ్చు. వినికిడిలో పోయినదాన్ని వాట్లు పూడ్చలేవు.

వాహనం, రిపీటర్ అనే రెండు దారులూ 1970లలో ఒకచోట కలిశాయి. పోలీసు కారు దిగి మెట్లెక్కినా, సందులోకి వెళ్లినా అతని నడుముకున్న రెండు వాట్ల హ్యాండ్‌సెట్టు కంట్రోల్ రూమ్‌కి అందేది కాదు. మోటరోలా ప్యాక్-ఆర్‌టీ పేరుతో తెచ్చిన పద్ధతిలో కారే రిపీటర్ అయింది. హ్యాండ్‌సెట్టు కారుకు చెబుతుంది, కారు తన కప్పు మీది యాంటెనాతో, తన పెద్ద సెట్టుతో ఆ మాటను పైకి పంపుతుంది. మనిషి చేతిలోని సెట్టుకు ఒక్క వాటు కూడా కలపకుండా అతని మాట జిల్లా కేంద్రం దాకా పోయింది. ఈ వాదనకు ఇంతకన్నా చక్కని రుజువు నాకు దొరకలేదు.

వాట్లు దండగ అని దీని అర్థం కాదు. భవనాల లోపల, దట్టమైన చెట్ల మధ్య అంచున తడబడుతున్న మాటను నిలబెట్టడానికి అయిదు వాట్లకూ ఇరవై అయిదు వాట్లకూ తేడా తెలుస్తుంది. కానీ ఆ తేడా దిగంతం లోపలి గుంటలను పూడుస్తుంది, దిగంతాన్ని జరపదు. ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. అందరి మాటా ఒక్క కొండ మీద ఆధారపడితే, ఆ కొండ మీద పిడుగు పడిన రోజు అందరూ మూగబోరా? నిజమే, ప్రమాదం ఉంది. అందుకే నాణ్యంగా కట్టిన వ్యవస్థల్లో బ్యాటరీ, సౌరఫలకం, పిడుగు మళ్లింపు ఉంటాయి. రిపీటర్ లేకుండా సెట్టుకు సెట్టు నేరుగా మాట్లాడే చానెల్ ఒకటి పక్కన ఉంటుంది. అప్పుడు మళ్లీ మొదటి లెక్కకే వస్తాం. నేరుగా మాట్లాడే రోజున కప్పు మధ్యలో సరైన యాంటెనా ఉన్న జీపుకూ, సీట్లో పడేసిన హ్యాండ్‌సెట్టుకూ మధ్య తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఈ పాత విద్య ఎందుకన్నది చివరి ప్రశ్న. సెల్‌ఫోన్ పుట్టుకే ఈ చరిత్రలోంచి జరిగింది. 1947లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ రింగ్ ఊరిని చిన్న చిన్న గదులుగా విడగొట్టాలని రాసినప్పుడు ఆయన కోరింది ఎక్కువమందికి చోటు. దానికోసం రేంజ్‌ను కావాలనే కుదించాడు. బలహీనమైన ఫోనుకు దగ్గరగా చెవి పెట్టడం ఆ పద్ధతి. దాని వెల ఏమిటంటే వేల టవర్లు, ప్రతి టవర్‌కూ కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఆ వెల ఉత్తరాంధ్ర చెల్లించింది. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు ఆగాయి, లక్షలమంది చేతుల్లో ఫోన్లు మౌనంగా ఉండిపోయాయి. అంతకు ముప్పై ఏడేళ్ల ముందు, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు తెగిపోయినవి టెలిఫోన్ తీగలు. ఒక కొండ, ఒక పెట్టె, ఒక బ్యాటరీ, కింద కొన్ని జీపులు ఉన్న వ్యవస్థలో విరగడానికి అన్ని భాగాలుండవు.

తుపానుల తీరం మనది. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సు తీసుకునే వీలు మన దేశంలో ఉంది. విపత్తు నిర్వహణకు సెట్లు కొనే జిల్లా అధికారులకు, రేడియో క్లబ్బులు నడిపే కాలేజీలకు ఒక విన్నపం. టెండరులో వాట్ల గడి నింపే ముందు మూడు సంగతులు అడగండి: జీపు కప్పు మీద యాంటెనా ఎక్కడ బిగిస్తున్నారు, టవర్‌కు ఏ కేబుల్ వేస్తున్నారు, కొండ మీది డూప్లెక్సర్‌ను చివరిసారి ఎవరు ట్యూన్ చేశారు. ఆ మూడింటికీ జవాబు దొరికాకే సెట్ల సంఖ్య రాయండి.